మన పన్ను డబ్బు మతం బోధించే స్కూళ్లకు వెళ్లొచ్చా? టెక్సస్ కొత్త చట్టం గురించి ఒక సందేహం

గోదారిగట్టు
అందరికీ నమస్కారం. మేం టెక్సస్‌లో ఉంటాం. పాప ఆరో తరగతి, బాబు రెండో తరగతి. 2025 మేలో ఇక్కడ గవర్నర్ సంతకం చేసిన చట్టం సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. పిల్లల్ని ప్రైవేట్ స్కూలుకు పంపేవాళ్లకు రాష్ట్రమే ఒక ఖాతా తెరిచి ఫీజు డబ్బు అందులో వేస్తుంది. ఒక్కొక్కరికి ఏడాదికి సుమారు 10,000 డాలర్లు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు 30,000 దాకా ఇస్తారు. మొదటి విడతకు 100 కోట్ల డాలర్లు కేటాయించారు. 2026-27 విద్యా సంవత్సరం నుంచి అమలు.

మా చుట్టుపక్కల ఉన్న ప్రైవేట్ స్కూళ్లలో ఎక్కువ చర్చిలకు చెందినవే. చదువు బాగుంటుందని అందరూ అంటారు. నా భార్య దరఖాస్తు పెడదామంటోంది. నాకు మనసొప్పడం లేదు. నేను కట్టే పన్నుతో ఒక మతం పాఠాలు చెప్పించడం ఎంతవరకు సబబు? చర్చికీ ప్రభుత్వానికీ మధ్య గోడ ఉండాలని ఈ దేశమే కదా ప్రపంచానికి చెప్పింది? వారం రోజులుగా ఇంట్లో ఇదే చర్చ. తెలిసినవాళ్లు చెప్పండి. మీ పిల్లల అనుభవమైనా సరే.

లక్ష్మీసుధ
మా అమ్మాయి నాలుగేళ్లుగా క్యాథలిక్ స్కూల్లో చదువుతోంది. పొద్దున్నే ప్రార్థన ఉంటుంది, వారానికోసారి మాస్ (క్యాథలిక్కుల సామూహిక ప్రార్థన) ఉంటుంది. మాస్‌లో మా పాప వెనక వరుసలో కూర్చుంటుంది, అంతే. ఇంటికొచ్చి మా దేవుడి గదిలో దీపం పెడుతుంది. ఇంతవరకు మాకు ఏ ఇబ్బందీ రాలేదు.

నేను నర్సుని. నైట్ డ్యూటీలు ఉంటాయి. మా జోన్‌లో ఉన్న పబ్లిక్ స్కూలుకు (ఇంటి చిరునామాను బట్టి పిల్లలు వెళ్లాల్సిన స్కూలు) పంపే ధైర్యం నాకు లేకపోయింది. మంచి స్కూలున్న చోట ఇల్లు కొనే స్తోమతా లేదు. ఇళ్ల ధరలు చూసుకుని మంచి డిస్ట్రిక్ట్‌కి మారగలిగినవాళ్లు తమ పిల్లలకు ఎప్పుడో స్కూలు ఎంచుకున్నారు. దాన్ని ఎవరూ తప్పనరు. నాలాంటిది ప్రభుత్వ సాయంతో ఎంచుకుంటే మాత్రం రాజ్యాంగం గుర్తొస్తుందా? పబ్లిక్ స్కూలుకు పన్నూ కడుతున్నాను, ఇక్కడ ఫీజూ కడుతున్నాను. ఏళ్లుగా రెండు వైపులా కడుతున్న నాకు ఆ డబ్బులో కొంత తిరిగొస్తే ఎవరి సొమ్ము పోయినట్టు?

శ్రీలత_టీచర్
లక్ష్మీసుధ గారూ, మీ బాధ అర్థమవుతోంది. మీ మీద కోపంతో రాస్తున్నానని అనుకోకండి. నేను పబ్లిక్ స్కూల్లో స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్‌ని. పదకొండేళ్లయింది.

నా క్లాసులోకి ఎవరు వచ్చినా చేర్చుకోవాల్సిందే. మాట రాని పిల్లాడు, ఇంగ్లీషు అసలు తెలియని పిల్ల, ఏడాది మధ్యలో ఇల్లు పోగొట్టుకుని వచ్చినవాళ్లు, అందరూ వస్తారు. 1975లో వచ్చిన చట్టం వల్ల ప్రత్యేక అవసరాలున్న ప్రతి బిడ్డకూ తనకు తగిన చదువు ఉచితంగా పొందే హక్కు ఉంది. తల్లిదండ్రులు తమంతట తాము ప్రైవేట్ స్కూల్లో చేర్పిస్తే ఆ హక్కు అదే రూపంలో వాళ్ల వెంట వెళ్లదు. ఐఈపీలో (ప్రత్యేక అవసరాలున్న బిడ్డకు పబ్లిక్ స్కూలు రాసిచ్చే విద్యా ప్రణాళిక) రాసిన ప్రతిదీ ప్రైవేట్ స్కూలు అమలు చేయాల్సిన పని లేదు. దరఖాస్తు పెట్టే ముందు ఈ ఒక్క సంగతి అందరూ చదవాలి. ఇది తెలియక మాన్పించి, ఆరు నెలలకు ఏడుస్తూ వెనక్కి వచ్చిన తల్లుల్ని నేను చూశాను. ఆ ఆరు నెలలు ఆ పిల్లలకు తిరిగి రావు.

మతం సంగతి తర్వాత. నా మొదటి ప్రశ్న తలుపు గురించి. అందరి డబ్బూ తీసుకునే చోట తలుపు అందరికీ తెరిచి ఉండాలా, వద్దా? టెక్సస్ చట్టంలో స్కూళ్లు తమ అడ్మిషన్ పద్ధతులు మార్చుకోనక్కర్లేదని స్పష్టంగా రాశారు. అంటే డబ్బు ప్రజలది, ఎవరిని చేర్చుకోవాలో తేల్చేది స్కూలు.

పాతకాగితాలు
"గోడ" అనే మాట వచ్చింది కాబట్టి దాని పుట్టుక చెప్తాను. నాకు ఇష్టమైన విషయం, కాస్త పెద్దగా రాస్తే ఓపిక పట్టండి.

ఆ మాట రాజ్యాంగంలో లేదు. 1791లో వచ్చిన మొదటి సవరణలో ఉన్నది రెండు విషయాలు: ప్రభుత్వం ఏ మతాన్నీ అధికారికంగా నెలకొల్పకూడదు, ఎవరి మతాచరణనూ అడ్డుకోకూడదు. గోడ అనే పోలిక అప్పటి అధ్యక్షుడు జెఫర్సన్ 1802 జనవరి 1న కనెటికట్‌లోని డాన్‌బరీ బాప్టిస్టులకు (ఒక ప్రొటెస్టంట్ క్రైస్తవ శాఖ) రాసిన ఉత్తరంలోది. వాళ్లు భక్తులు. తమ రాష్ట్రంలో ఇంకో శాఖ చర్చికి ప్రభుత్వ అండ ఉంటే తమ గతేమిటని భయపడి ఆయనకు రాశారు.

అంతకన్నా ముఖ్యమైన కథ వర్జీనియాది. 1784లో అక్కడి నాయకుడు పాట్రిక్ హెన్రీ ఒక బిల్లుకు గట్టిగా మద్దతిచ్చాడు. క్రైస్తవ మత బోధకుల జీతాలకు అందరి దగ్గరా పన్ను వసూలు చేయాలి, అయితే తన పన్ను ఏ శాఖకు వెళ్లాలో కట్టేవాడే చెప్పుకోవచ్చు. గమనించారా? ప్రభుత్వం వసూలు చేస్తుంది, పౌరుడు ఎంచుకుంటాడు. ఇప్పుడు వోచర్లకు (ప్రైవేట్ స్కూలు ఫీజు కోసం ప్రభుత్వం తల్లిదండ్రులకిచ్చే సాయం) చెప్తున్న వాదన దీనికి ఎంత దగ్గరగా ఉందో చూడండి. 1785లో, తర్వాత అధ్యక్షుడైన మాడిసన్ దానికి వ్యతిరేకంగా ఒక విజ్ఞప్తి రాశాడు. ఒక మతం కోసం మనిషి దగ్గర మూడు పెన్నీలు బలవంతంగా తీసుకోగలిగిన ప్రభుత్వం, రేపు అన్ని విషయాల్లోనూ ఇంకే మతానికైనా లోబడి ఉండమని బలవంతం చేయగలదని ఆయన వాదన. బాప్టిస్టులు కూడా ఆ బిల్లును ఎదిరించారు. బిల్లు వీగిపోయింది. దాని స్థానంలో జెఫర్సన్ రాసిన మత స్వేచ్ఛ చట్టం 1786 జనవరిలో వచ్చింది.

గోడ కట్టమన్నవాళ్లలో సగం మంది దేవుణ్ని గట్టిగా నమ్మినవాళ్లే. ప్రభుత్వం చేయి తగిలితే భక్తి పాడవుతుందని వాళ్ల భయం. ఈ సంగతి ఇప్పుడు ఎవరూ చెప్పుకోవడం లేదు. నాకు బాధగా ఉంటుంది.

న్యాయపథం
పాతకాగితాలు గారు చెప్పింది నిజమే, కానీ కథ అక్కడే ఆపితే క్యాథలిక్కులకు అన్యాయం చేసినట్టవుతుంది.

19వ శతాబ్దంలో పబ్లిక్ స్కూళ్లు మతం లేనివేమీ కావు. ప్రొటెస్టంట్ల కింగ్ జేమ్స్ బైబిల్ చదివించేవారు. తమ పిల్లలు తమ బైబిల్ చదువుకుంటారని క్యాథలిక్కులు అడిగిన గొడవే ముదిరి 1844లో ఫిలడెల్ఫియాలో అల్లర్లయ్యాయి, చర్చిలు తగలబడ్డాయి, మనుషులు చనిపోయారు. అందుకే వాళ్లు సొంత స్కూళ్లు కట్టుకున్నారు. ఆ స్కూళ్లకు ప్రజాధనం దక్కకూడదని 1875లో ప్రతినిధుల సభ సభ్యుడు జేమ్స్ బ్లెయిన్ రాజ్యాంగ సవరణ తెచ్చాడు. ప్రతినిధుల సభలో 180-7తో గెలిచి సెనెట్‌లో ఓడింది. తర్వాత చాలా రాష్ట్రాలు అలాంటి నిబంధననే తమ రాజ్యాంగాల్లో పెట్టుకున్నాయి. కాబట్టి "మత స్కూళ్లకు పైసా ఇవ్వం" అన్న మాట వెనక సిద్ధాంతంతో పాటు వలస వచ్చినవాళ్ల మీద ద్వేషం కూడా ఉంది. మనమూ వలస వచ్చినవాళ్లమే.

ఇక కోర్టులు. 1947లో సుప్రీంకోర్టు తేల్చిన ఎవర్సన్ కేసులో, న్యూజెర్సీలో క్యాథలిక్ స్కూలు పిల్లల బస్సు ఖర్చు తల్లిదండ్రులకు తిరిగివ్వచ్చా అన్నది ప్రశ్న. గోడ ఎత్తుగా ఉండాలని చెబుతూనే, బస్సు ఖర్చు ఇవ్వచ్చని 5-4తో తీర్పిచ్చారు. ఆ రోజు నుంచీ ఇదే తంతు. 1985లో ప్రభుత్వ టీచర్లు మత స్కూళ్ల లోపలికి వెళ్లి పేద పిల్లలకు అదనపు పాఠాలు చెప్పకూడదన్నారు. దాంతో స్కూలు బయట వ్యాన్లు నిలిపి అందులో చెప్పాల్సి వచ్చింది. 1997లో ఆ తీర్పును కోర్టే కొట్టేసింది.

2002లో క్లీవ్‌లాండ్ వోచర్లు నిలబడ్డాయి, మళ్లీ 5-4. వోచర్ తీసుకున్న పిల్లల్లో 96 శాతం మత స్కూళ్లకే వెళ్లారు. అయినా ఎంచుకున్నది తల్లిదండ్రులు, ప్రభుత్వం కాదు కాబట్టి తప్పు లేదన్నారు. 2020లో మోంటానా కేసు, 2022లో మెయిన్ రాష్ట్రం కేసు ఇంకో అడుగు ముందుకెళ్లాయి. ప్రైవేట్ స్కూళ్లకు సాయం చేయాలా వద్దా అన్నది రాష్ట్రం ఇష్టం. చేస్తే మాత్రం మత స్కూలన్న కారణంతో పక్కన పెట్టకూడదు. "ఇవ్వచ్చు" అన్నది "ఇవ్వకపోతే తప్పు" దాకా వచ్చింది.

గోదారిగట్టు గారి ప్రశ్నకు చట్టపరంగా జవాబు: వెళ్లొచ్చు. వెళ్లాలా అన్నది వేరే ప్రశ్న.

గోదారిగట్టు
న్యాయపథం గారూ, చాలా థ్యాంక్స్. ఫిలడెల్ఫియా సంగతి నాకు అసలు తెలియదు. నేను అనుకున్నంత సూటిగా లేదు ఈ విషయం.

మంచుపల్లె
నేను టొరంటో దగ్గర ఉంటాను. కెనడాలోని మా ఒంటారియోలో క్యాథలిక్ స్కూళ్లకు ప్రభుత్వమే మొత్తం డబ్బిస్తుంది. 1867 రాజ్యాంగంలో ఇచ్చిన మాట అది. అప్పట్లో క్యాథలిక్కులు మైనారిటీ, వాళ్లకు రక్షణ కావాలి. సరే. కానీ యూదులకు, ముస్లింలకు, హిందువులకు, సిక్కులకు సొంత స్కూలుంటే ఒక్క సెంటు రాదు. 1999లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ ఇది వివక్షేనని తేల్చింది. అయినా ఇక్కడ ఏమీ మారలేదు.

2007 ఎన్నికల్లో ఒక పార్టీ నాయకుడు "అయితే అన్ని మతాల స్కూళ్లకూ ఇద్దాం" అన్నాడు. ఆ మాటే ఎన్నికంతా నడిచింది, ఓడిపోయాడు. అందరికీ ఇద్దామంటే జనం ఒప్పుకోరు, ఉన్నవాళ్లకు ఆపేద్దామంటే ఏ పార్టీకీ ధైర్యం చాలదు. పక్కనే క్యుబెక్ 1997లో రాజ్యాంగం సవరించుకుని మతం ప్రకారం ఉన్న బోర్డులు తీసేసింది. అంటే చేయాలనుకుంటే చేయగలరు.

మా పక్కింటి పంజాబీ అమ్మాయి టీచర్ కోర్సు పూర్తిచేసింది. ప్రజల డబ్బుతో నడిచే క్యాథలిక్ బోర్డులో ఉద్యోగాలకు క్యాథలిక్కులకు ప్రాధాన్యం ఇచ్చే హక్కు వాళ్లకుంది. మా ఊళ్లో ఉన్న టీచరు పోస్టుల్లో పెద్ద భాగం ఆ అమ్మాయికి ఆ మేరకు దూరమే. ఆ అమ్మాయి తండ్రి కట్టే పన్ను మాత్రం రెండు బోర్డులకూ పనికొస్తుంది.

ఒకసారి డబ్బు ఇవ్వడం మొదలుపెడితే వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో మా దగ్గర చూసి నేర్చుకోండి.

మాధవి_జి
నేను గుంటూరు జిల్లాలో మిషన్ వాళ్ల ఎయిడెడ్ స్కూల్లో చదువుకున్నాను. టీచర్ల జీతాలు ప్రభుత్వం ఇచ్చేది. క్రైస్తవ పిల్లలకు బైబిల్ పీరియడ్, అదే సమయంలో మాకు నీతి పాఠాల పీరియడ్. మా నాన్నగారు గుడి పూజారి. ఆయన ఏ రోజూ అభ్యంతరం చెప్పలేదు. మా ఊరి దళితవాడ పిల్లలు మొదటిసారి బెంచీ మీద కూర్చున్నది ఆ స్కూల్లోనే. ఆ మాట చెప్పకపోతే పాపం.

భారత రాజ్యాంగం ఇక్కడ వేరే దారి పట్టింది. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థలో మత బోధన కుదరదు. సాయం మాత్రమే తీసుకునే చోట ఉండొచ్చు, కానీ ఆర్టికల్ 28(3) ప్రకారం బిడ్డను అందులో కూర్చోబెట్టాలంటే తల్లిదండ్రులు ఒప్పుకోవాలి. 29(2) ప్రకారం సాయం తీసుకునే సంస్థ కేవలం మతం, జాతి, కులం, భాష కారణంగా ఎవరికీ సీటు లేదనకూడదు. మైనారిటీ సంస్థలు తమ వాళ్లకు కొన్ని సీట్లు ఉంచుకోవడానికి కోర్టులు ఒప్పుకున్నాయి, అది వేరే వివాదం. కానీ మూల సూత్రం చూడండి: డబ్బుతో పాటు షరతు కూడా వచ్చింది. డబ్బు ఇస్తాం, తలుపు తెరిచి ఉంచు, ప్రార్థనకు బలవంతపెట్టకు.

శ్రీలత గారు అడిగింది సరిగ్గా ఇదే. అమెరికాలో ఇస్తున్న డబ్బుకు ఈ రెండు షరతులు ఎందుకు పెట్టలేకపోతున్నారో నాకు అర్థం కాదు.

రెండోతరం
నేను ఇక్కడే పుట్టి పెరిగాను, తెలుగు రాయడంలో తప్పులుంటే క్షమించండి. ఒక చర్చి స్కూల్లో ఎనిమిదేళ్లు చదివాను. క్లాసులో హిందువుని నేనొక్కడినే.

టీచర్లు మంచివాళ్లు. లెక్కలు, సైన్సు బాగా చెప్పారు. కానీ నాలుగో తరగతిలో మత పాఠంలో, నమ్మనివాళ్లు చనిపోయాక ఎక్కడికి వెళ్తారో చెప్పారు. అదే నెలలో మా తాతయ్య పోయారు. నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు. ఆ మతంలో అది వాళ్ల నమ్మకం, చెప్పుకునే హక్కు వాళ్లకుంది. మా అమ్మానాన్న తమ డబ్బుతో పంపించారు, తెలిసే పంపించారు. అందుకే ఇప్పటికీ ఆ స్కూలు మీద ఫిర్యాదు లేదు.

కానీ ఆ పాఠానికి రాష్ట్రం డబ్బు కట్టి ఉంటే? తొమ్మిదేళ్ల పిల్లాడికి మీ తాత నరకానికి వెళ్లాడని చెప్పడానికి అదే తాత కట్టిన పన్ను వాడితే? ఈ రెండింటికీ తేడా ఉందని నా నమ్మకం. ఎవరేమన్నా ఈ విషయంలో నేను మారను.

లక్ష్మీసుధ ఆంటీ, మీ అమ్మాయిని ఒకసారి మెల్లగా అడగండి. పిల్లలు అన్నీ చెప్పరు.

లక్ష్మీసుధ
చదివాను బాబూ. రెండుసార్లు చదివాను. నిన్న డ్యూటీలో కూడా అదే గుర్తొచ్చింది.

ఇవాళ కార్లో అడిగాను. "అలాంటివి చెప్తారమ్మా, నేను వినను" అంది. నాలుగేళ్లలో నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు. ఇంకా అడగాలి.

అయినా ఒక మాట. పబ్లిక్ స్కూలుకు పంపితే ఈ బాధ ఉండదా? ప్రతి క్లాసులో బైబిల్లోని పది ఆజ్ఞల పోస్టర్ పెట్టాలని 2025లో టెక్సస్ చట్టం చేసింది. 1980లో ఇలాంటి కెంటకీ చట్టాన్ని సుప్రీంకోర్టు కొట్టేసిందని పేపర్లో చదివాను, మళ్లీ తెచ్చారు. ఇది కూడా కోర్టుకెక్కింది. గోడ నా వల్ల పడలేదు. అది రెండు వైపుల నుంచీ పడుతోంది. పడుతున్న గోడను నా పిల్ల చదువు అడ్డుపెట్టి నిలబెట్టమంటే నా వల్ల కాదు. డబ్బు వస్తే తీసుకుంటాను. నిజాయితీగా చెప్తున్నాను.

శ్రీలత_టీచర్
మీరు తీసుకుంటే నేను తప్పుపట్టను. తల్లిగా మీరు చేయాల్సింది చేస్తున్నారు. నా పోట్లాట చట్టం రాసినవాళ్లతో.

మాధవి గారి ప్రశ్నకు మెయిన్ రాష్ట్రంలో కొంత జవాబు ఉంది. అక్కడ చాలా పల్లె ప్రాంతాల్లో హైస్కూలు లేదు, అందుకే ప్రైవేట్ స్కూలు ఫీజు ప్రభుత్వం కడుతుంది. మత స్కూళ్లకూ కట్టాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు 6-3తో చెప్పింది. అయితే మెయిన్ ముందు సంవత్సరమే తన చట్టం మార్చుకుంది. ప్రభుత్వ డబ్బు తీసుకునే ఏ స్కూలైనా పిల్లల పట్ల వివక్ష చూపకూడదు. కేసులో ఉన్న రెండు స్కూళ్లు తమ నియామకాల పద్ధతి మార్చుకోవాల్సి వస్తే డబ్బే వద్దని ముందే చెప్పాయి. కేసు గెలిచాక ముందుకొచ్చిన మత స్కూళ్లు బహు తక్కువ. షరతులు పెట్టొచ్చు, పెడితే డబ్బుకు ఎవరు రారో కూడా తెలుస్తుంది. ఆ షరతుల మీద మళ్లీ కేసులు పడ్డాయనుకోండి, అది తప్పదు.

పాతకాగితాలు
బాప్టిస్టుల భయం కూడా సరిగ్గా ఇదే. డబ్బు వెనక షరతు వస్తుంది, షరతు వెనక ఇన్‌స్పెక్టర్ వస్తాడు, చివరికి ఏది బోధించాలో ప్రభుత్వం చెప్తుంది. తమ స్వేచ్ఛ నిజంగా ముఖ్యమనుకునే స్కూలు ఆ డబ్బు ముట్టకూడదు.

న్యాయపథం
ఇంకా తేలనిది చార్టర్ స్కూళ్ల సంగతి. ఓక్లహామాలో ఒక క్యాథలిక్ ఆన్‌లైన్ స్కూలు చార్టర్ హోదా అడిగింది. చార్టర్ అంటే ప్రభుత్వ డబ్బుతో, ప్రభుత్వంతో ఒప్పందం మీద వేరే సంస్థ నడిపే స్కూలు, చట్టం దృష్టిలో పబ్లిక్ స్కూలే. 2024లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కుదరదంది. 2025 మేలో అమెరికా సుప్రీంకోర్టులో 4-4 అయింది, ఒక జడ్జి తప్పుకున్నారు. కింది తీర్పు నిలిచింది, కానీ దేశం మొత్తానికి వర్తించే తీర్పు రాలేదు. అంటే ఇంకో కేసు వస్తుంది. ఈ ఒక్క గీత కూడా దాటితే తల్లిదండ్రుల ఎంపిక అన్న తెర కూడా మిగలదు. ప్రభుత్వమే నేరుగా చర్చి స్కూలు నడిపినట్టవుతుంది.

ఒక ఊరట. జనాన్ని నేరుగా అడిగినప్పుడు జవాబు వేరేగా వస్తోంది. 2024 నవంబరులో కెంటకీ, నెబ్రాస్కా ఓటర్లు ప్రైవేట్ స్కూళ్లకు ప్రజాధనం వద్దన్నారు. కొలరాడోలో స్కూలు ఎంపిక హక్కు సవరణ కూడా ఓడింది. టెక్సస్‌లో చట్టసభ నిర్ణయించింది, ఓటర్లను అడగలేదు.

గోదారిగట్టు
అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను. నా భార్య, నేను కూర్చుని మొదటి నుంచీ మొత్తం చదివాం. రెండోతరం గారు రాసింది చదివాక తను చాలాసేపు మాట్లాడలేదు.

మేం దరఖాస్తు పెట్టకూడదని అనుకున్నాం. లక్ష్మీసుధ గారి లాంటి పరిస్థితి మాకు లేదు. మా జోన్ స్కూలు బాగానే ఉంది. ఆదాయం ఎక్కువున్నవాళ్లు ఎలాగూ వరుసలో చివరే. అవసరం లేకుండా ఆ డబ్బు తీసుకుంటే ఇంకొకరిది తీసుకున్నట్టే. కానీ తను ఒక షరతు పెట్టింది: పబ్లిక్ స్కూలే కావాలంటే పన్ను కట్టి ఊరుకోవడం కాదు, స్కూల్ బోర్డు సమావేశాలకు వెళ్లాలి అని. ఇన్నేళ్లలో నేను ఒక్కదానికీ వెళ్లలేదు. వచ్చే మంగళవారం ఉంది.

పది ఆజ్ఞల పోస్టర్ గురించి అక్కడ ప్రజలు మాట్లాడొచ్చా? ముందుగా పేరు ఇవ్వాలా?

శ్రీలత_టీచర్
మాట్లాడొచ్చు. చాలా డిస్ట్రిక్ట్‌లలో ముందుగా పేరు నమోదు చేయించుకోవాలి, గడువు డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఒక్కొక్కరికి కొద్ది నిమిషాలే ఇస్తారు, అందుకే రాసుకుని వెళ్లండి. వీలైతే పాపను కూడా తీసుకెళ్లండి. పిల్లలు ఎదురుగా ఉంటే బోర్డు సభ్యులు వినే తీరు మారుతుంది, నేను చూశాను.

లక్ష్మీసుధ
ఆ మంగళవారం నాకు సెలవు. మా డిస్ట్రిక్ట్‌ది ఎప్పుడో నేనూ చూస్తాను. నా పిల్ల అక్కడ చదవకపోయినా నేనూ పన్ను కడుతున్నాను కదా.